పోరుమామిళ్ళ శాసనము – కట్ట రక్షణ

చెరువు కట్టించుట సప్తసంతానములలో నొకటి. కట్టించినవారి కీర్తి శాసనములలో నిలిచినది. ఆ కట్ట తరతరములు నిలుచుటకు ఏమి కావలెనో మనము విచారించుట తక్కువ.

ఈ విచారణకు కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము ముఖ్యాధారము. శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడును ఉదయగిరి పాలకుడును అగు భాస్కర భవదూరుడు ఈ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది పనివారు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు వినియోగింపబడినట్లును, రెండు సంవత్సరములు పట్టినట్లును ఈ సంస్కృత శాసనము తెలుపుచున్నది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను ఇది పేర్కొన్నది. జలశాస్త్ర మెరిగిన విద్వాంసుడు, గట్టి నేల, తీయని నీటి నది, దృఢమైన రాతికట్ట, నేర్పరులైన పనివారు సాధనములలోనివి. కట్టనుండి నీరూరుట దోషములలో నొకటి. నీరు తక్కువై పొలము ఎక్కువగుటయు, పొలము తక్కువై నీరు ఎక్కువగుటయు దోషములే.

నేటి జలాశయములకును ఈ కొలబద్ద వర్తించును. జమ్మలమడుగు సమీపమున పెన్నపైనున్న మైలవరము పొలముల కొరకు కట్టబడినది. అయినను ప్రొద్దుటూరున వేసవిలో ఎద్దడి కలిగినపుడు ఇందుండి పెన్నలోనికి నీరు వదలుట కలదు. పులివెందులకు చిత్రావతిపైని పార్నపల్లె జలాశయము ఆధారము. పూర్వము కట్ట తెగిన పంట పోయెడిది. నేడు పంటతోపాటు పట్టణముల త్రాగునీరును పోవును.

శాసనకారుడు ఎరుగని దోషము మరియొకటి నేడు చేరినది. అది ఇనుప గేట్ల వార్ధక్యము. ఎగువ కాలువద్వారా పులివెందుల ప్రాంతమునకును నీరందించు తుంగభద్ర ఆనకట్టకు 33 గేట్లు కలవు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయెను. రాతికట్ట చెదరలేదు, ఒక్క గొలుసు తెగుటచే నిలువయున్న నీరు నదిపాలయ్యెను. అంతకుముందు 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరదకు తెగి, దిగువ గ్రామములలో పలువురు మరణించిరి.

మన పూర్వులు దశబంధ మాన్యముల నేర్పరచిరి. చెరువు త్రవ్వించినవారికిని, బాగుచేయువారికిని ఆయకట్టులో భూమినిచ్చి, కట్ట రక్షణ భారమును ఆ భూమికే ముడివేసిరి. అందలి సూత్రమొక్కటే: నీటివలన వచ్చు ఫలములో కొంత కట్టకే చెందవలెను. మాన్యములు పోయినను సూత్రము పోరాదు. పట్టణములు చెల్లించు నీటిపన్నులో నొక భాగము ఏటేట గొలుసులకును, గేట్లకును, పూడికతీతకును నియతముగా కేటాయింపబడినగాని ఈ జలాశయములు మన మనుమల దాహమును తీర్చజాలవు.