ఛందఃప్రస్తారమును వివిక్తగణితమును

తెలుఁగు ఛందోగ్రంథములలో నుత్పలమాలకు లక్షణము చెప్పుచోట భ-ర-న-భ-భ-ర-వ గణములను, పదవ యక్షరమున యతిని, ద్వితీయాక్షరప్రాసమును వివరించి, తుదకిది కృతిచ్ఛందమునఁ బుట్టిన 3,55,799వ వృత్తమని వ్రాయుట పరిపాటి. విద్యార్థులు గణములను యతిని నేర్తురు. ఈ సంఖ్య యేల వచ్చెను, ఎవరు లెక్కించిరి, ఎట్లు లెక్కించిరి యని యడుగువారరుదు. ఈ యొక్క ప్రశ్నకు సమాధానము వెదకినచో, నేఁడు కంప్యూటరు శాస్త్రమునకుఁ బునాదిగా బోధింపఁబడుచున్న వివిక్తగణితమున సగము మెట్లెక్కినట్లగునని చూపుటయే యీ వ్యాసోద్దేశము.

వివిక్తగణితమనఁగా విడివిడిగా నుండి యెన్నఁదగిన వస్తువులఁ గూర్చిన గణితము. సమితులు, తర్కము, ప్రస్తారములు, సంయోగములు, గణితానుగమనము, గ్రాఫులు దీని యంగములు. మదనపల్లెలోను కుప్పములోను గల యింజనీరింగు కళాశాలలలోఁ గంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులు దీనినభ్యసించుచున్నారు. ఆ దారిలోనే యున్న పుంగనూరిలోఁ దెలుఁగు పండితుఁడు పాఠశాలలో గురులఘువులను బోధించుచున్నాఁడు. ఈ యిరువురు గురువులును జెప్పునది యొక్క మూలమునుండి వచ్చిన విద్యయే. కాని యొకరి పాఠము మఱియొకరికిఁ దెలియదు.

ఛందమున నక్షరము గురువో లఘువో కావలయును, మూఁడవగతి లేదు. కావున నొక యక్షరమునకు 2, రెండక్షరములకు 4, మూఁడక్షరములకు 8 భేదములు గలుగును. ఈ యెనిమిదియే మ, య, ర, స, త, జ, భ, న గణములు. వీనిని వరుసగా వ్రాయు పద్ధతికిఁ బ్రస్తారమని పేరు. మొదట నన్నియు గురువులు. పిదప మొదటి గురువు క్రింద లఘువునుంచి, కుడివైపునఁ బై వరుసను యథాతథముగా దించి, యెడమవైపును గురువులతో నింపవలయును. ఇట్లు చేయఁగా నే భేదమును విడువఁబడదు, ఏదియు రెండుమాఱులు రాదు. యంత్రమునకిచ్చు విధానమునకుండవలసిన ముఖ్యలక్షణమిదియే. పింగళుని ఛందస్సూత్రముల చివరి యధ్యాయమునను, కేదారభట్టు వృత్తరత్నాకరమునందలి యాఱవ యధ్యాయమునను ఈ విషయము గలదు.

ఒక వృత్తమునకు స్థానసంఖ్యఁ గనుఁగొనుట యుద్దిష్టము. పాదాక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని ద్విగుణించుచు వ్రాసి, లఘువులపై నున్న యంకెలను మాత్రము గూడి, యొకటి చేర్పవలయును. ఉత్పలమాలకు లఘువులు పండ్రెండు. వానిపై నున్న యంకెలు 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 2,62,144. మొత్తము 3,55,798, ఒకటి చేర్పఁగా 3,55,799. గ్రంథములయందలి సంఖ్య సరిపడినది.

దీనికి విలోమము నష్టము. సంఖ్యయే తెలిసి రూపము తెలియనపుడు, సంఖ్య బేసియైనచో గురువు వ్రాసి, యొకటి కలిపి సగము చేయవలయును; సరియైనచో లఘువు వ్రాసి సగము చేయవలయును. 3,55,799 బేసి, గురువు. 1,77,900 సరి, లఘువు. 88,950 సరి, లఘువు. భగణము వచ్చినది. తరువాత 44,475 గురువు, 22,238 లఘువు, 11,119 గురువు, రగణము వచ్చినది. ఇట్లే తుదివఱకును సాగును.

ఇందొక చిన్న విశేషము గలదు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా మార్చినచోఁ జంపకమాల యగునని యెల్లరెఱుఁగుదురు. పై విధానముఁబట్టి, మొదటి గురువిట్లు మాఱినపుడు పాతసంఖ్యను రెట్టించి 2 చేర్చినఁ గ్రొత్తసంఖ్య రావలయును. 3,55,799ని రెట్టించి 2 చేర్పఁగా 7,11,600. చంపకమాల ప్రకృతిచ్ఛందమున 7,11,600వ వృత్తమే. శార్దూలవిక్రీడితము 1,49,337వది; రెట్టించి 2 చేర్పఁగా 2,98,676. అది మత్తేభవిక్రీడితపు సంఖ్య. వేఱువేఱుగాఁ గంఠస్థము చేయు నాలుగు సంఖ్యలు నిజమునకు రెండే.

ఇఁక సంఖ్యాప్రత్యయము. ఇరువది యక్షరముల పాదమునకు భేదములెన్ని? రెంటిని నిరువదిమాఱులు హెచ్చింపనక్కఱలేదు. పింగళుని రీతిని 20ని సగము చేసి 10, మరల సగము చేసి 5, ఒకటి తీసి 4, సగము 2, సగము 1, ఒకటి తీసి 0. ఆఱు మెట్లు. ఇఁకఁ దిరుగు దారిలో ఒకటి తీసినచోట రెట్టించి, సగము చేసినచోట వర్గించినచో 2, 4, 16, 32, 1024, 10,48,576. ఇట్లు సగములు చేసి ఘాతముఁ గట్టు నుపాయమునే నేఁటి కంప్యూటర్లును రహస్యలిపిలో వాడుచున్నవి.

వీనిలో నెనిమిది గురువులు, పండ్రెండు లఘువులు గల పాదములెన్ని? ఇది సంయోగముల ప్రశ్న. హలాయుధుఁడు పదవ శతాబ్దమున వివరించిన మేరుప్రస్తారము దీనికి సమాధానమిచ్చును. అదియే ఐరోపాలోఁ బాస్కల్ త్రికోణమని ప్రసిద్ధము. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట నృపతుంగుని కాలమున మహావీరాచార్యుఁడు గణితసారసంగ్రహమున నాఱు రుచుల కలయికలు లెక్కించుచు సామాన్యసూత్రమునే చెప్పెను. ఆ సూత్రముచే నీ ప్రశ్నకు 1,25,970 వచ్చును. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిఁగించెను. దాని మూలమును రంగాచార్యులు 1912లో మదరాసున ముద్రింపించిరి.

సంస్కృతవృత్తములకే కాదు, దేశిచ్ఛందములకు నీ గణితము చెల్లును. సూర్యగణములు 2, ఇంద్రగణములు 6. ఆటవెలఁది బేసిపాదమున మూఁడు సూర్యగణములు, రెండింద్రగణములు, భేదములు 288. సరిపాదమున నైదును సూర్యగణములే, భేదములు 32. యతినియమము నటుంచి గణములు మాత్రమే చూచినచో నాలుగు పాదములకు 8,49,34,656. వేమన వాడిన యీ చిన్ని పద్యమున నింత యవకాశము గలదని విద్యార్థి స్వయముగా హెచ్చించి చూడవలయును.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. పింగళుఁడు కంప్యూటరును గనిపెట్టెననుట చరిత్ర కాదు. గురులఘువులు ధ్వనిచిహ్నములు, వానితోఁ గూడికలు, తీసివేతలు చేయు ద్వ్యంకగణితము 1703లో లైబ్నిట్జు ప్రకటించినది. తర్కమును బీజగణితముగా మార్చినవాఁడు బూల్ (1854). ఆ తర్కమును విద్యున్మార్గములకన్వయించినవాఁడు షానన్ (1937). వీరు మన ఛందఃశాస్త్రముఁ జదివి యీ పని చేసిరనుట కాధారము లేదు. ఆధారము లేని గర్వము విద్యకెట్లు హానియో, ఉన్నదానిని మఱచుటయు నట్లే హాని. తెలుఁగు మాధ్యమపు ఇంటర్మీడియెట్ గణితపుస్తకములో "ప్రస్తారములు, సంయోగములు" అను మాట నేఁటికిని నున్నది; అయినను ఆ మాట ఛందమునుండి వచ్చెననిగాని, అచ్చటి యర్థము వేఱనిగాని బాలురకుఁ జెప్పువారరుదు.

మదనపల్లెలో 1915లో అనీబిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో 1919లో రవీంద్రనాథుఁడు జనగణమనగీతమును ఆంగ్లీకరింపఁగా, మార్గరెట్ కజిన్సు దానికి స్వరలిపిఁ గూర్చెను. ధ్వనిని జిహ్నములలో నిలుపు పని యీ సీమకుఁ గ్రొత్త గాదు. మూఁడు భాషలు కలియు కుప్పమున 1997లో నేర్పడిన ద్రావిడవిశ్వవిద్యాలయము తెలుఁగు కన్నడ తమిళ ఛందములలోని ప్రస్తారభాగములను సరిపోల్చుటకుఁ దగిన స్థానము. పుంగనూరి పండితుఁడు సంఖ్య చెప్పినపుడు ఉద్దిష్టముతోఁ గూడఁ జెప్పవలయును; మదనపల్లె గణితోపాధ్యాయుఁడు వివిక్తగణితపు మొదటి పాఠమునకు మగణాదులను నుదాహరణముగాఁ గొనవలయును. దీనికిఁ గ్రొత్త పుస్తకమక్కఱలేదు. నల్లబల్లపై నొక పద్యపాదమును, దానిపై 1, 2, 4, 8 అను నంకెలును వ్రాసినఁ జాలును.