తొమ్మిది మంది అమ్మాయిలు, పదో రాయి

ఇంగ్లండులో రాతి వలయం అనగానే అందరికీ స్టోన్‌హెంజే గుర్తొస్తుంది. డెర్బీషైర్‌లో స్టాంటన్ మూర్ అనే మెట్ట మీదున్న "నైన్ లేడీస్" ఎవరి లెక్కలోకీ రాదు. సుమారు 11 మీటర్ల వెడల్పు వలయం, ఒక్క రాయీ మీటరు ఎత్తు ఉండదు. వయసు మాత్రం దాదాపు 4000 ఏళ్ళు!

ఆదివారం పూట నాట్యం చేసినందుకు తొమ్మిది మంది అమ్మాయిలు రాళ్ళైపోయారని అక్కడి కథ. కాస్త దూరంలో విడిగా ఉన్న కింగ్ స్టోన్, వాళ్ళకి ఫిడేలు వాయించినవాడట. ఆ దేశానికి క్రైస్తవం రాకముందు నుంచే రాళ్ళున్నాయి కాబట్టి, కథ తర్వాత అల్లిందే. పైగా 1970ల్లో నేలపాలై ఉన్న పదో రాయి బయటపడింది. మన భాషలో చెప్పాలంటే ఆఫ్ బై వన్ ఎర్రర్ అన్నమాట :)

అసలు సంగతి వలయంలో కంటే దాని చుట్టూనే ఎక్కువుంది. ఆ మెట్ట మీద 70 దాకా రాతి గుట్టలున్నాయి. హీత్‌కోట్ కుటుంబం 1920ల నుంచి వాటిలో కొన్నిటిని తవ్వితే, కాల్చిన ఎముకలున్న మట్టికుండలు దొరికాయి. అంటే మెట్ట మొత్తం ఒక శ్మశానం, వలయం అందులో ఒక భాగం.

బ్రిటన్‌లో పురాతన కట్టడాల చట్టం 1882లో వచ్చింది. నైన్ లేడీస్‌కి తొలినాళ్ళలోనే రక్షణ దొరికింది. ఇక భయం లేదనుకుంటాం కదా? పక్కనే ఉన్న పాత క్వారీలకి 1952లో ఇచ్చిన పర్మిషన్ ఒకటి, ఎవరూ డిలీట్ చెయ్యని డెడ్ కోడ్‌లా ఉండిపోయింది. 1999లో ఒక కంపెనీ దాన్ని మళ్ళీ రన్ చేద్దామంది. నిరసనకారులు వచ్చి చెట్ల మీద గుడిసెలు కట్టుకుని ఏళ్ళ తరబడి అక్కడే కాపలా కాశారు. ఆ క్వారీలు మూతపడ్డవాటి కిందే లెక్కని 2005లో అప్పీలు కోర్టు తేల్చింది. 2008లో పర్మిషనే రద్దయింది. బదులుగా దగ్గర్లో మరో క్వారీని పెంచుకోనిచ్చారు.

ఇళ్ళకి రాయి కావాలి, జనానికి పని కావాలి, కాదనను. అందుకే ఆ ఇచ్చిపుచ్చుకోవడం నాకు సబబుగానే అనిపించింది. కానీ పది రాళ్ళకి కంచె వేసి చుట్టూ కొండని తవ్వేస్తే, మిగిలేది పార్కులో పెట్టిన బొమ్మలాంటిదే. పడిపోయిన రాయిని మళ్ళీ నిలబెట్టొచ్చు. తవ్విన కొండకి మాత్రం బ్యాకప్ ఉండదు.