సారు అనే హోదా

పాల్వంచ, భద్రాచలం వైపు కాలేజీలో పాఠం చెప్పేవాళ్లందరూ 'సారు'లే. అసిస్టెంట్ ప్రొఫెసర్ అయినా, నాలాగా పీరియడ్ లెక్కన చెప్పే గెస్టు లెక్చరర్ అయినా పిల్లలకి ఒకటే. తేడా జీతం రోజున తెలుస్తుంది. అందుకేనేమో, హైమెన్‌డార్ఫ్ చేసిన ఉద్యోగాల వరస చూసి కాసేపు ఆగిపోయాను.

క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్లకి శత్రుదేశస్థుడు కదా, నైజాం రాజ్యం దాటి పోవద్దన్నారు. ఆ కట్టడి మన అడవులకి కలిసొచ్చింది. ముందు నల్లమల చెంచులు, తర్వాత గోదావరి వెంట పాపికొండల కొండరెడ్లు. రెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చింది. అందులో నన్ను పట్టుకున్నది ఆచారాల వర్ణన కాదు, అడవి కాంట్రాక్టర్ల చేతిలో ఆ మనుషులు ఎలా చిక్కుకున్నారన్నది. ఆ ఏడే నైజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు. ఉస్మానియాలో ప్రొఫెసర్ కూడా.

1949లో లండన్ వెళ్తే ఇచ్చిన పోస్టు రీడర్. మన చెవికి హోదా దిగినట్టే. కానీ అక్కడ రీడరంటే ప్రొఫెసర్‌కి ఒక్క మెట్టు కింద. ఆ మెట్టు ఎక్కకుండానే రిటైరైపోయే లెక్చరర్లు బోలెడుమంది. 1951లో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన పుట్టిన దేశంలో దారి ఇంకా పొడుగు. డాక్టరేట్ తర్వాత మరో పెద్ద సిద్ధాంత గ్రంథం రాయాలి, అది ఒప్పుకుంటే ప్రీవాట్‌డోట్సెంట్. పాఠం చెప్పే హక్కు ఉంటుంది, జీతం ఉండదు. పాతకాలంలో విద్యార్థులు కట్టే ఫీజే దిక్కు. ఇది చదివి నవ్వొచ్చింది. మనకి బంధువులు వియన్నాలోనూ ఉన్నారన్నమాట!

మన దగ్గర లెక్చరర్, రీడర్ బ్రిటిష్ వరసే. 2010 యూజీసీ నిబంధనలు వచ్చేసరికి లెక్చరర్ అసిస్టెంట్ ప్రొఫెసర్, రీడర్ అసోసియేట్ ప్రొఫెసర్ అయిపోయారు. పేర్లు అమెరికావి. అక్కడ అసిస్టెంట్ ప్రొఫెసరంటే కొన్నేళ్ల పరీక్షలో ఉన్న మనిషి. నెగ్గితే పర్మనెంటు, లేదంటే సామాను సర్దుకోవాలి. ఇక్కడ రెగ్యులర్ పోస్టులో చేరినవాడికి ఆ భయం లేదు. ఆ భయమంతా ఈ మెట్ల లెక్కలోకే రాని గెస్టులది.

వేలేరుపాడు 2014లో పోలవరం కోసం ఆంధ్రలో కలిసింది. అటునుంచి వచ్చే కొండరెడ్డి కుర్రాడొకడు మొన్న అడిగాడు:

"సార్, వచ్చే ఏడు మీరే ఉంటారా?"

రెన్యువల్ ఆర్డరు ఇంకా రాలేదు. "చూద్దాం లేరా" అన్నాను.