ఇంట్లో రేసుబండి నకలు: రాజ్‌దూత్ 350 నుంచి యమహా టీఆర్3 దాకా

మోటార్‌సైకిల్‌ను విప్పి బిగించడం కోయంబత్తూరు తెలుగువారికి కొత్త ముచ్చట కాదు. 1893లో ఆ ఊరి దగ్గరి కలంగల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు యువకుడిగా రడ్జ్ మోటార్‌సైకిల్ చూసి మనసు పడ్డారు. హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి ఆ బండి కొన్నారు, విప్పారు, తిరిగి బిగించారు. అదే ఊళ్లో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 భాగాలతో తక్కువ ఖర్చు రేసుకార్లు తయారు చేశారు. అక్కడి కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది.

ఇలాంటి సరదా ఉన్నవారి కోసం ఇంట్లోనే పాత రేసుబండికి నకలు ఎలా చేసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. ఒక మాట ముందే చెప్పేస్తాం. నకలులో కంటికి కనిపించే భాగమే తేలిక. కనిపించని బ్రేకు, వెల్డింగు, ఇంజిన్ సీళ్లు, కాగితాల దగ్గరే ప్రాణమూ డబ్బూ పోయేది.

ఏ బండికి నకలు?

మనకు దొరికే ఇంజిన్‌కు దగ్గరి చుట్టం ఏదో చూసి రేసుబండిని ఎంచుకోవాలి. మన దేశంలో దీనికి చక్కగా కుదిరేది యమహా టీఆర్3. ఇది 1972 నాటి 350 సీసీ రేసుబండి. ఆ ఏడాది అమెరికాలోని డేటోనా 200 పందెంలో డాన్ ఎమ్డే గెలిచింది దీని మీదే. ఆ పందెంలో టూస్ట్రోక్ బండి నెగ్గడం అదే మొదటిసారి.

టీఆర్3 ఇంజిన్‌కు ఆధారం రోడ్డు మీద తిరిగే యమహా ఆర్5. ఆర్5 తర్వాత వచ్చిందే ఆర్‌డీ350. దాని భారతీయ రూపాన్ని ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో అమ్మింది. అన్నిటికీ బోరు 64 మి.మీ., స్ట్రోక్ 54 మి.మీ., రెండు సిలిండర్లు కలిపి 347 సీసీ. అన్నీ గాలితో చల్లబడేవే. మన రాజ్‌దూత్‌కు ముందు కూడా డ్రమ్ము బ్రేకే, టీఆర్3కీ డ్రమ్మే.

తేడాలూ ఉన్నాయి. రాజ్‌దూత్ హైటార్క్ రకం శక్తి 30.5 హార్స్‌పవర్, లోటార్క్ రకానిది 27. టీఆర్3 దాదాపు అంతకు రెట్టింపు ఇచ్చేది. రాజ్‌దూత్‌లో ఉండే రీడ్ వాల్వులు టీఆర్3లో లేవు. నకలులో రీడ్లు ఉంచడమే మంచిదని మా సలహా. తక్కువ వేగంలో కూడా బండి సాఫీగా నడుస్తుంది.

ఏ బండిని కోయకూడదు?

అన్ని భాగాలూ ఉండి, కాగితాలు సరిగ్గా ఉన్న రాజ్‌దూత్ 350ని నకలు కోసం కోయవద్దు. అలాంటివి రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. ట్యాంకు, మడ్‌గార్డులు, మీటర్లు పోయి ఇంజిన్, ఛాసిస్ మాత్రమే మిగిలిన బండి వెతుక్కోండి. చెన్నై పుదుపేట, బెంగళూరు శివాజీనగర్ పాత సామాన్ల అంగళ్లలో విడి భాగాలు దొరుకుతాయి. ఛాసిస్, ఇంజిన్ కొంటే మాత్రం బిల్లు, ఆర్‌సీ లేకుండా తీసుకోవద్దు. నంబరు గీకేసిన ఛాసిస్ ఎంత చవకగా వచ్చినా ముట్టుకోకండి.

మొదట ఛాసిస్, బ్రేకులు

చాలామంది ట్యాంకు, సీటు, రంగుతో మొదలుపెడతారు. డబ్బు అక్కడే అయిపోయి బండి షెడ్డులో ఉండిపోతుంది. వరుస తిరగేయాలి.

ఛాసిస్‌ను బ్లాస్టింగ్ చేయించి, రంగు వేయకముందే ప్రతి అతుకునూ చూడాలి. స్టీరింగ్ తల దగ్గర, స్వింగార్మ్ బోల్టు దగ్గర పగుళ్లు వస్తాయి. డై పెనెట్రెంట్ స్ప్రే కొడితే కంటికి అందని పగులు కూడా ఎర్రటి గీతలా బయటపడుతుంది. ఫోర్కు రాడ్లను సమతలం మీద దొర్లించి వంకర చూడాలి. రెండు చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయా అన్నది దారం కట్టి చూస్తే తెలుస్తుంది.

ముందు డ్రమ్ములో రెండు షూలకూ విడివిడి మీట ఉంటుంది. ఆ రెంటినీ కలిపే కడ్డీ పొడవు సరిగ్గా లేకపోతే ఒక్క షూనే పట్టుకుని బ్రేకు సగమే పనిచేస్తుంది. రెండు షూలూ ఒకేసారి తగిలేలా ఆ కడ్డీని సర్దాలి. కొత్త లైనింగ్ వేయించాక డ్రమ్ము గుండ్రానికి తగ్గట్టు లేతు మీద అరగదీయించాలి.

ఇంజిన్: గాలి చొరబడకూడదు

టూస్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ సీలు గాని గాస్కెట్ గాని కారితే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుతుంది. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. వేగంలో అలా జరిగితే వెనక చక్రం బిగుసుకుపోయి మనిషి కింద పడతాడు. అందుకే ఇంజిన్ బిగించాక గాలి పరీక్ష తప్పనిసరి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రంధ్రాలు మూసి చదరపు అంగుళానికి 6 పౌండ్ల పీడనం పెట్టి ఆరు నిమిషాలు చూడాలి. నిమిషానికి ఒక పౌండు కంటే ఎక్కువ పడిపోతే సబ్బునీళ్లు పూసి కారే చోటు వెతకాలి.

ఆటోల్యూబ్ పంపు తీసేస్తే ఆయిల్‌ను పెట్రోల్లోనే కలపాలి. ఒక్క ట్యాంకు మరిచిపోయినా ఇంజిన్ దక్కదు. బండి నడిపేటప్పుడు ఒక వేలు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచడం పాత రేసర్ల అలవాటు. అది మనమూ నేర్చుకోవాలి.

సైలెన్సర్: రేకు, కత్తెర, లెక్క

రేసు టూస్ట్రోక్‌కు ఊపిరి దాని సైలెన్సర్. గొట్టం మెల్లగా వెడల్పయి మళ్లీ సన్నబడేలా చేస్తే, తిరిగొచ్చే పీడన తరంగం బయటికి పోబోయే తాజా మిశ్రమాన్ని సిలిండర్‌లోకి తోస్తుంది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ సంస్థ ఇంజినీరు వాల్టర్ కాడెన్ ఈ విద్యను పదును పెట్టారు.

దీన్ని ఇంట్లో 1 మి.మీ. ఇనుప రేకుతో చేయవచ్చు. లెక్క చూపడానికి ఒక ఉదాహరణ: చిన్న వ్యాసం 40, పెద్ద వ్యాసం 90, పొడవు 200 మి.మీ. ఉన్న శంకువు ముక్క కావాలనుకోండి. దాని వాలు పొడవు 201.6 మి.మీ. వస్తుంది. రేకు మీద ఒకే కేంద్రం నుంచి 161, 363 మి.మీ. వ్యాసార్ధాలతో రెండు చాపాలు గీసి, 44.7 డిగ్రీల ముక్క కోసి చుడితే కావలసిన శంకువు తయారు. ముందు అట్ట మీద కోసి చూసుకోండి. అసలు కొలతలు మాత్రం ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకునే సమయాన్ని, మీరు కోరే ఆర్‌పీఎంను బట్టి లెక్క కట్టాలి.

ట్యాంకు, సీటు, నంబరు పలక

సీటు ఫైబర్‌తో చేసుకోవచ్చు. రెజిన్‌లో కలిపే హార్డెనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. ట్యాంకు మాత్రం ఫైబర్‌తో వద్దు. ఇప్పటి పెట్రోల్లో కలిసే ఇథనాల్ మామూలు పాలిస్టర్ రెజిన్‌ను మెత్తబరుస్తుంది. అల్యూమినియం ట్యాంకు చేయించండి. నంబరు పలక నీలం, అంకెలు తెలుపు. ఆనాటి గ్రాండ్‌ప్రీ పందాల్లో 350 తరగతి గుర్తు అదే.

రోడ్డు మీదికి తేవచ్చా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. లైట్లు లేని, చెవులు పగిలే సైలెన్సర్ ఉన్న నకలు రోడ్డుకు పనికిరాదు. దాన్ని ట్రాలీ మీద ఎక్కించి ట్రాక్‌కు తీసుకెళ్లాలి. తమిళనాడులో ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు ట్రాక్‌లు ఉన్నాయి. ఇంజిన్ ఆపే స్విచ్చు, వైరుతో కట్టిన ఆయిల్ బోల్టులు, పూర్తి తోలు దుస్తులు ముందే సిద్ధం చేసుకోండి.

చివరగా, నకలును నకలుగానే ఉంచాలి. ఇంజిన్ మీద టీఆర్3 నంబర్లు కొట్టించవద్దు. ఈరోజు మీరు సరదాకు కొట్టించిన నంబరు పదేళ్ల తర్వాత ఎవరినో అసలు బండి అని నమ్మించి ముంచుతుంది. తయారుచేసిన సంవత్సరం, వాడిన ఇంజిన్, మార్చిన భాగాలు ఒక చిన్న రేకు మీద చెక్కించి ఛాసిస్‌కు బిగించండి. అలా చేస్తే ఆ బండి ఎవరి చేతికి వెళ్లినా అది ఏమిటో, ఎవరి కష్టమో ఆ రేకే చెబుతుంది.