సౌర జ్వాలలు: క్రమం, ముందస్తు అంచనా

సూర్యమచ్చల పైన మెలితిరిగిన అయస్కాంత బలరేఖలు ఉన్నట్టుండి తెగి మరో విధంగా కలిసినప్పుడు, అక్కడ పోగుపడిన శక్తి కాంతిగా, ఎక్స్-కిరణాలుగా, వేగవంతమైన కణాలుగా వెలువడుతుంది. ఈ విస్ఫోటనమే సౌర జ్వాల. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్, రిచర్డ్ హాడ్జ్‌సన్ విడివిడిగా దీన్ని తొలిసారి గమనించారు. జ్వాలలు ఏ సంవత్సరాల్లో ఎక్కువగా వస్తాయో నేడు చెప్పవచ్చు. ఫలానా జ్వాల ఏ గంటకు వస్తుందో మాత్రం చెప్పలేం.

తరగతులు

ఎక్స్-కిరణాల తీవ్రతను బట్టి జ్వాలలను ఎ, బి, సి, ఎం, ఎక్స్ తరగతులుగా విభజిస్తారు. ప్రతి తరగతీ దాని ముందున్నదానికి పది రెట్లు. 2003 నవంబరు 4 నాటి జ్వాల ఉపగ్రహ పరికరాల కొలత పరిమితినే దాటింది. దాని తీవ్రతను తర్వాత సుమారు ఎక్స్28గా లెక్కగట్టారు.

క్రమం

జ్వాలల సంఖ్య సుమారు 11 ఏళ్ల సౌరచక్రంతో పాటు పెరిగి తగ్గుతుంది. 2019 డిసెంబరులో మొదలైన 25వ చక్రం 2024లో గరిష్ఠానికి చేరింది. ఆ ఏడాది అక్టోబరు 3న ఎక్స్9.0 జ్వాల నమోదైంది. చక్రం దిగుముఖం పట్టాక కూడా పెద్ద జ్వాలలు రావచ్చు. 2017 సెప్టెంబరు 6న వచ్చిన ఎక్స్9.3 జ్వాల అలాంటిదే. కొన్ని చక్రాల్లో సుమారు 154 రోజులకోసారి జ్వాలలు ఉద్ధృతమవడాన్ని 1984లో గుర్తించారు. అయితే ఇది అన్ని చక్రాల్లోనూ కనిపించదు. చిన్న జ్వాలలు అసంఖ్యాకం, పెద్దవి అరుదు.

అంచనా

జ్వాల కాంతి, ఎక్స్-కిరణాలు భూమికి చేరేది ఒకేసారి, సుమారు 8 నిమిషాల్లో. చూసి హెచ్చరించేలోపే పగటివైపు హ్రస్వతరంగ రేడియో ప్రసారాలు దెబ్బతింటాయి. అందుకే జ్వాలకు ముందే మచ్చలను పరిశీలించాలి. వ్యతిరేక ధ్రువాలు ఒకే మచ్చలో ఇరుకుగా చేరిన 'డెల్టా' సమూహాలు అత్యంత ప్రమాదకరం. మచ్చల ఆకృతి, గత జ్వాలల చరిత్ర ఆధారంగా అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం రాబోయే మూడు రోజులకు ఎం, ఎక్స్ జ్వాలల సంభావ్యతను శాతాల్లో ప్రకటిస్తుంది. 2010లో ప్రయోగించిన సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ అయస్కాంత పటాలతో కంప్యూటర్లకు శిక్షణ ఇస్తున్నారు. పెద్ద జ్వాలల ఉదాహరణలు తక్కువ కావడం ఇందులో ప్రధాన అడ్డంకి. శక్తి ఎంత పోగుపడిందో తెలిసినా, అది ఏ క్షణాన విడుదలవుతుందో తేల్చడం మరింత కష్టం.

భారత్ కృషి

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి సూర్యుణ్ణి గమనిస్తోంది. అందులోని సోలెక్స్, హీలియోస్ పరికరాలు తక్కువ, ఎక్కువ శక్తిగల ఎక్స్-కిరణాలను కొలుస్తాయి. జ్వాల ఎలా రాజుకుంటుందో తెలుసుకోవడానికి ఈ రెండు కొలతలూ కలిపి చూడటం అవసరం.