బార్కస్‌కు గాలి కబురు

జనవరి రెండో వారంలో హైదరాబాద్ పాతబస్తీలో గాలి పొద్దున తొమ్మిది దాటేదాకా కదలదు. రాత్రంతా చల్లబడిన నేల తన మీది గాలినీ చల్లబరుస్తుంది. బరువెక్కిన ఆ చల్లగాలి కిందే పేరుకుపోయి, పైన వీచే తూర్పుగాలిని నేల మీదికి రానివ్వదు. తెల్లవారుజామున పొగ డాబాల ఎత్తు దాటి పైకి పోకుండా వేలాడేది అందుకే. ఎండ ముదిరాక కింది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైగాలి కిందికి దిగుతుంది. పది గంటలకల్లా దండెం మీద ఆరేసిన లుంగీల అంచులు పడమటికి ఎగరడం మొదలవుతుంది. చాంద్రాయణగుట్ట నుంచి బార్కస్ దాకా మేడల మీద పిల్లలు పతంగి దారపు చర్ఖాలు అందుకునేది అప్పుడే. సాయంత్రం ఐదు దాటాక మళ్లీ అంతా సద్దుమణుగుతుంది.

చలిదేశాల్లో గడ్డకట్టిన సరస్సుల మీద పెద్ద గాలిపటానికి తమను తాము తగిలించుకుని జారే ఆటగాళ్లున్నారు. రేపు గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో వస్తుందో వాళ్లలోనే కొందరు ఔత్సాహికులు లెక్కగట్టి తోటివారికి పైసా తీసుకోకుండా చెబుతుంటారు. బార్కస్‌లో మంచు ఎక్కడిది? కానీ చలికాలపు గాలి కబురు ఒకరికొకరు చేరవేసుకోవడం ఈ పేటవాళ్ల పూర్వీకులకు బతుకుతెరువు. అసలు బార్కస్‌కు మనుషులు వచ్చిందే గాలి లెక్కల మీద.

నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్సులు ఇక్కడ ఉండేవి. అదే జనం నోట బార్కస్ అయింది. అంతకుముందు ఇది మైసారం. ఆ ఊరి పేరు మైసారం రెజిమెంటుకు నిలిచింది. సిపాయిల్లో ఎక్కువమంది దక్షిణ యెమెన్‌లోని హద్రమౌత్ వాళ్లు. 1818లో మరాఠాల రాజ్యం కూలాక, అక్కడి కొలువులు పోయిన అరబ్బులు కూడా హైదరాబాద్ దారి పట్టారు. ఊరి నుంచి బంధువులను పిలిపించుకున్నారు. జమేదారు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ సంపాదించిన డబ్బును హద్రమౌత్‌కు పంపాడు. ఆ డబ్బుతో ఆయన కొడుకులు కోటలు కట్టారు, ఊళ్లు గెలిచారు, 1881లో ముకల్లా రేవును కూడా పట్టుకున్నారు. ఆ సుల్తానుల రాజ్యం 1967 దాకా నడిచింది. దక్కన్ జీతంతో అరేబియాలో ఒక రాజ్యం నిలబడిందన్నమాట.

మనిషి రావాలన్నా, డబ్బు పోవాలన్నా దారి సముద్రమే. ఆవిరి ఓడలు రాకముందు ఆ దారికి తాళం గాలి చేతిలో ఉండేది. జూన్, జులై నెలల్లో నైరుతి గాలికి అరేబియా సముద్రం ఉగ్రరూపం దాలుస్తుంది. అప్పుడు రేవులన్నీ మూతే. ఆ గాలి కాస్త మెత్తబడ్డాక, ఆగస్టు చివర, సెప్టెంబరులో, ముకల్లా, షిహ్ర్ రేవుల నుంచి ఓడలు హిందూదేశం వైపు కదిలేవి. తిరుగు ప్రయాణానికి ఈశాన్య గాలి స్థిరపడాలి. అది మన చలికాలపు గాలే. సంక్రాంతికి బార్కస్ మేడల మీద పతంగి ఎగరేసే గాలీ, ఒకప్పుడు సిపాయి సంపాదనను ముకల్లా చేర్చిన గాలీ ఒకే కుటుంబంలోవి.

ఈ రాకపోకల లెక్కను నావికులు దాచుకోలేదు. 15వ శతాబ్దపు ఒమాన్ నావికుడు అహ్మద్ బిన్ మాజిద్ దాన్ని పద్యాల్లో రాశాడు. ఓడ మీద దీపం పెట్టుకుని పుస్తకం తిరగేసే వీలుండదు కదా, నోటికి వచ్చేలా ఉండాలి. హద్రమౌత్‌కు పొరుగునున్న మహ్రా ప్రాంతపు సులేమాన్ అల్ మహ్రీ 1511 నాటి తన గ్రంథంలో ఏ రేవు నుంచి ఏ రేవుకు ఎప్పుడు బయల్దేరాలో రోజుల లెక్కన చెప్పాడు. ఆ లెక్క చాంద్రమాన నెలల్లో కుదరదు. హిజ్రీ సంవత్సరం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, గాలి మాత్రం సూర్యుడి వెంట నడుస్తుంది. అందుకని పారశీకుల సౌర సంవత్సరాది నౌరోజు నుంచి ఎన్నో రోజు అని లెక్కపెట్టేవారు. ఫలానా రోజు దాటితే బయల్దేరవద్దు అన్న హెచ్చరికలు కూడా అందులోనే ఉండేవి.

హద్రమౌత్ రైతు లెక్క ఇంకొకటి. ఏడాదిని 28 నక్షత్ర గృహాలుగా పంచి, ఒక్కోదానికి 13 రోజులు ఇచ్చేవాడు. దీన్ని తెలుగు రైతుకు ఎవరైనా వివరించి ఉంటే పెద్దగా ఆశ్చర్యపోయేవాడు కాదు. మన కార్తెలు 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మృగశిరకు వాన కోసం చూస్తాం, రోహిణికి రోళ్లు పగులుతాయంటాం. సంక్రాంతి ఉత్తరాషాఢ కార్తెలో పడుతుంది. ఆ రోజుల్లో కళ్లంలో ధాన్యం తూర్పారబట్టాలన్నా ఇదే గాలి కావాలి. మైసారం చుట్టుపక్కల చేలల్లో చేటలెత్తిన కూలీలూ, బ్యారక్సులో రేవు కబురు కోసం చూసిన సిపాయిలూ ఒకే తూర్పుగాలికి రెండు పేర్లు పెట్టుకుని ఎదురుచూశారు.

ఓడల కాలం ఒక్కసారిగా ముగియలేదు. 1938 చివర్లో ఆస్ట్రేలియా రచయిత అలన్ విలియర్స్ ఏడెన్‌లో ఒక కువైట్ తెరచాప ఓడ ఎక్కాడు. అది షిహ్ర్, ముకల్లాల మీదుగా ఆఫ్రికా తీరానికి సాగింది. డెక్కు నిండా హద్రమౌత్ వలసజీవులే. అప్పటికే ఆవిరి ఓడలు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి, అయినా ఈశాన్య గాలి టిక్కెట్టు చవక. పదేళ్ల తర్వాత, 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం అరబ్బు దళాలు రద్దయ్యాయి. చాలామందిని బొంబాయి మీదుగా ఏడెన్‌కు పంపేశారు. మిగిలినవాళ్లు జామతోటలు, పండ్ల వ్యాపారం, లుంగీల దుకాణాలతో నిలదొక్కుకున్నారు. ఆ తర్వాత గల్ఫ్ ఉద్యోగాలు. పక్కనే ఒక బస్తీ పేరు సలాలా. ఒమాన్‌లోని అసలు సలాలా నైరుతి గాలి తెచ్చే తుంపరకు పేరుపడ్డ ఊరు.

బార్కస్‌కు ఉత్తరాన, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఫిసల్‌బండ ఉంది. నగరంలో ఆకాశాన్ని శాస్త్రీయంగా కొలవడం అక్కడే మొదలైంది. మొదలుపెట్టినవాడు ప్రభుత్వోద్యోగి కాదు, సరదాపరుడు. పాయ్‌గా నవాబుల వంశీకుడు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి, 1901లో తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. దానికి నిజాం పేరు పెట్టుకోవడానికి, తన తదనంతరం సర్కారు స్వాధీనం చేసుకోవడానికి ఆరో నిజాం అనుమతి అడిగాడు. 1907లో ఆయన పోయాడు. మరుసటి ఏడాది సర్కారు దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించింది. అదే నిజామియా వేధశాల. అంతర్జాతీయ నక్షత్ర పటం కోసం అక్కడి సిబ్బంది 7.6 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. వాతావరణపు రీడింగులు కూడా రాసుకునేవారు. ఒక నవాబు వ్యసనం ఒక సంస్థగా మారడం పాతబస్తీ చరిత్రలో అరుదేమీ కాదు గానీ, వ్యసనాల్లో ఇంత ఉపయోగపడినది తక్కువ.

కొలిస్తే సరిపోదని 1908 సెప్టెంబరు 28 చూపించింది. మూసీ వరదకు ముందు, ఇప్పుడు విమానాశ్రయం ఉన్న షంషాబాద్‌లోనే, ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన నమోదైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య తర్వాత తన నివేదికలో వాడుకున్న అంకెల్లో అదొకటి. వానను కొలిచే గొట్టం ఉంది, రాసుకునే పుస్తకం ఉంది. ఆ అంకెను ఏటి ఒడ్డున పడుకున్నవాళ్లకు వేళకు చేరవేసే దారి లేదు. ఆ వరదలో 15,000 మంది చనిపోయారని అంచనా. లండన్‌లో 1861 ఆగస్టులోనే దినపత్రికలో వాతావరణ అంచనా అచ్చయింది. మన దేశంలో వాతావరణ శాఖ 1875లో పుట్టింది. శాఖ పుట్టినంత తొందరగా కబురు గల్లీ దాకా రాలేదు.

మేడల మీద మాత్రం కబురు ఎప్పుడూ గల్లీదే. పతంగి గాలిని నమ్ముకున్న వస్తువు. పల్చటి కాగితం, ఒక నిలువు బద్ద, కమానులా వంచిన ఇంకో బద్ద, అంతే. దుకాణం నుంచి తెచ్చిన పతంగిని పిల్లవాడు నేరుగా ఎగరేయడు. ముందు నిలువు బద్దను నెత్తి మీద ఆనించి, రెండు చేతులతో మెల్లగా వంచి చూస్తాడు. తర్వాత కన్నాలు కడతాడు. పైన ఒక చోట, కింద ఒక చోట దారం గుచ్చి, రెండు కొసలూ కలిసే ముడిని వేలి మీద వేలాడదీసి తూకం సరిచూస్తాడు. గాలి జోరుగా ఉన్న రోజున పైదారం కాస్త పొట్టి చేస్తాడు. అప్పుడు పతంగి గాలికి తక్కువ ఎదురొడ్డి చదునుగా ఎగురుతుంది. ఇంకా గింగిరాలు కొడితే కాగితం ముక్క తోక. గాలి ఎంతుందో పక్క మేడను అడిగి తెలుసుకోకుండా ఇందులో ఏదీ కుదరదు.

దిక్కు కూడా ముఖ్యమే. జనవరిలో హైదరాబాద్ మీద గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్య, ఆగ్నేయాల నుంచే వస్తుంది. పేంచ్ పడి, అంటే రెండు పతంగుల దారాలు పెనవేసుకుని, ఒక దారం తెగిందా, పతంగి పడమటికే కొట్టుకుపోతుంది. తూర్పు మేడ మీద "అఫా!" అని అరుపు లేచేసరికి, పడమటి మేడల మీద లూటీ చేసేవాళ్లు ముళ్లకంపలు కట్టిన కర్రలతో సిద్ధంగా ఉంటారు. ఢీల్ ఇచ్చి పోరాడాలా, గుంజి పోరాడాలా అన్నది కూడా గాలే తేలుస్తుంది. గాలి నిండుగా ఉంటే దారం వదులుతూ కోయవచ్చు. పల్చబడితే గుంజక తప్పదు. ధూల్‌పేటలో పతంగులు చేసేవాళ్లూ, గుల్జార్ హౌజ్ దగ్గర అమ్మేవాళ్లూ పండుగ ముందు అడిగించుకునే ప్రశ్నల్లో సగం గాలి గురించే. పండుగ సంక్రాంతే గానీ ఈ ఆటకు మతం లేదు. పాతబస్తీలో పేంచ్ ఎవరు ఎవరితో వేశారో పేర్లు వింటే తెలుస్తుంది.

ఈ ఆటకు చెడ్డపేరు తెచ్చింది గాలి కాదు, దారం. అన్నం గంజి, గాజుపొడి పట్టించిన నూలు మాంజా గట్టిగా లాగితే తెగుతుంది. చైనా మాంజా అని పిలిచే సింథటిక్ దారం తెగదు. గాలి పడిపోయే సాయంత్రం వేళ చెట్ల మీద, తీగల మీద చిక్కుకున్న దారం రోడ్ల మీదికి జారి, బైకు మీద పోయేవాడి మెడకు తగులుతుంది. తెలంగాణ ప్రభుత్వం దాన్ని 2016లో నిషేధించింది. 2017 జులైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. అయినా 2024 జనవరిలో లంగర్‌హౌజ్ దగ్గర బైకు మీద వెళుతున్న ఒక సైనికుడు దీనికే ప్రాణం పోగొట్టుకున్నాడు. నిషేధాలు కాగితం మీద ఉన్నంత బలంగా బజారులో లేవు.

చలికాలపు ఆకాశానికి ఇంకో వాటాదారు ఈసీఐఎల్ దగ్గరుంది. టాటా మౌలిక పరిశోధన సంస్థ 1969లో అక్కడ బెలూన్ కేంద్రం పెట్టింది. పరికరాలు మోసే భారీ ప్లాస్టిక్ బెలూన్లను ఎక్కువగా నవంబరు, ఏప్రిల్ మధ్య, నేల దగ్గర గాలి తగ్గే రాత్రి వేళల్లో వదులుతారు. ఎక్కడ దిగుతాయో పైగాలుల లెక్క చెబుతుంది, ఆ ఊరివాళ్లకు మాత్రం ఆ కబురు అందకపోవచ్చు. 2022 డిసెంబరులో స్పెయిన్ కంపెనీ ఒకటి పరీక్షకు పంపిన గుండ్రటి తెల్లటి గది వికారాబాద్ జిల్లాలో ఒక పొలంలో దిగింది. గ్రహాంతరవాసులొచ్చారని ఊళ్లకు ఊళ్లు చూడటానికి పరుగెత్తాయి. లెక్క తప్పలేదు, కబురే అందలేదు.

ఆ లోటును ఈమధ్య కాలంలో పూడుస్తున్నది మళ్లీ సరదాపరులే. తెలంగాణ వెదర్‌మ్యాన్‌గా జనానికి తెలిసిన టి. బాలాజీ ఏ గంటకు ఏ ప్రాంతంలో వాన పడుతుందో సోషల్ మీడియాలో చెబుతుంటే నగరం గొడుగులు సర్దుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సాయి ప్రణీత్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రైతుల కోసం ఇదే పని చేస్తే, 2021 జులై 'మన్ కీ బాత్'లో ప్రధాని ఆయన పేరెత్తారు. తెలంగాణ ప్రణాళికా సంస్థ రాష్ట్రమంతటా పెట్టిన వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాల రీడింగులు బయటికి రావడం వీళ్లకు పెద్ద ఆసరా. అయితే వీళ్ల దృష్టి వాన మీదా, చలి మీదా, ఎండ మీదా ఎక్కువ. గాలికి ఇంకా అభిమాన సంఘం లేదు. వాతావరణ కేంద్రం హైదరాబాద్ బులెటిన్ చివర ఉపరితల గాలుల దిక్కు, వేగం గురించి ఒక వాక్యం ఉంటుంది. టీవీల్లో చాలాసార్లు అది చదవనే చదవరు.

పతంగి ఎగరేసేవాడికి కావలసింది ఆ ఒక్క వాక్యమే. దానికంటే తాజాది కావాలంటే విమానాశ్రయం ఉంది. 2008 మార్చిలో మొదలైన షంషాబాద్ విమానాశ్రయం పైలట్ల కోసం అరగంటకోసారి గాలి రీడింగు విడుదల చేస్తుంది. ఫోనులో ఎవరైనా చూడవచ్చు. 09006కేటీ అని ఉంటే మొదటి మూడు అంకెలు దిక్కు, 090 అంటే తూర్పు. తర్వాతి రెండు వేగం, 6 నాట్లు, గంటకు సుమారు 11 కిలోమీటర్లు. ఫోను లేకపోయినా పర్వాలేదు. అక్కడి రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, విమానం ఎదురుగాలికే లేస్తుంది. కాబట్టి విమానాలు తూర్పుకు లేస్తుంటే గాలి చాలావరకు తూర్పు వైపుదే. ఆరు నాట్లంటే కాగితం పతంగికి మంచి గాలి. పన్నెండు దాటితే తోక కట్టుకోవాలి, బద్దలు విరుగుతాయని తెలిసే ఎగరేయాలి. సాయంత్రం ఐదున్నరకు అన్నీ సున్నాలు కనిపిస్తే చర్ఖా చుట్టేసి మెట్లు దిగడమే.