మానితే ఎన్నేళ్ళు కలిసొస్తాయి?

ఇంట్లో ఎంత పోరినా సిగరెట్ మాననివాళ్ళు మనందరికీ తెలుసు. మరి దాని మీద పరిశోధన చేసినాయనే ఎందుకు మానేశాడు?

లండన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను మిగతా రోగులతో పోల్చి, 1950లో ఫలితాలు ప్రకటించారు. కార్ల పొగో, రోడ్డు మీది తారో కారణమనుకున్న డాల్, లెక్కలు తేలుతుండగానే సిగరెట్ పారేశాడు. 1951లో బ్రిటన్ డాక్టర్లకే ఉత్తరాలు రాసి అలవాట్లు అడిగితే, దాదాపు 40 వేల మంది జవాబిచ్చారు. తర్వాత వాళ్ళలోనూ చాలామంది మానేశారు.

ఆ మగ డాక్టర్లను 50 ఏళ్ళు గమనించి, 2004లో లెక్క చెప్పారు: 30 ఏళ్ళకు మానితే సుమారు 10 ఏళ్ళ ఆయుష్షు దక్కుతుంది. 40కి 9, 50కి 6, 60కి 3.

అందుకే "పోతావు" అని భయపెట్టకండి. ఆ మూడేళ్ళ గురించి చెప్పండి. ఇంట్లో పుట్టిన మనవడు నడక, మాటలు నేర్చి "తాతా" అని పిలవడానికి అవి చాలు.